ఒక్క గోలూ ఇవ్వలేదు!

గోల్ కొట్టినవాడిని భుజాలమీద మోస్తారు. సెంచరీ చేసినవాడికి జేజేలు పలుకుతారు. మరి, ఎదుటి జట్టు ఖాతానే తెరవనీయకుండా అడ్డుగోడలా నిలబడినవాళ్లకో? స్కోరుబోర్డు మీద వాళ్ల కష్టానికి మిగిలేది సున్నా. ఆ సున్నా కోసం చెమటోడ్చిన వీరుల కథే ఇది.

14-0, 16-0, 6-0, 1-0, 1-0.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టు ఆడిన అయిదు మ్యాచ్‌ల ఫలితాలివి. అఫ్గానిస్థాన్, అమెరికా, సింగపూర్, జర్మనీ, పాకిస్థాన్... వరసపెట్టి అందరినీ ఓడించి స్వర్ణం తెచ్చుకుంది మన జట్టు. ఈ అంకెల్ని చూడగానే ఎవరి కళ్లయినా ఎడమవైపే ఆగిపోతాయి. మొత్తం 38 గోల్స్! బల్బీర్‌సింగ్ సీనియర్, ఉధమ్‌సింగ్‌ల పేర్లు గుర్తొస్తాయి.

ఇప్పుడొకసారి కుడివైపు చూడండి. అయిదు సున్నాలు. ఒలింపిక్స్ మొదలైనప్పట్నుంచీ పతకం మెడలో పడేదాకా మన గోల్‌లోకి ఒక్క బంతి కూడా వెళ్లలేదన్నమాట.

పద్నాలుగు గోల్స్ కొట్టిన మ్యాచ్‌లో ఎదుటివాళ్లకు ఒకటో రెండో ఇచ్చినా పోయేదేం లేదు. కానీ సెమీస్‌లో జర్మనీ మీదా, ఫైనల్లో పాకిస్థాన్ మీదా గెలిచింది ఒకే ఒక్క గోల్ తేడాతో. అక్కడ ఒక్కసారి ఏమరుపాటుగా ఉన్నా స్వర్ణం చేజారే ప్రమాదం. ఫైనల్లో పెనాల్టీ కార్నర్‌ని గోల్‌గా మలిచిన రణధీర్‌సింగ్ జెంటిల్ ఎంత గొప్పవాడో, ఆ ఆధిక్యాన్ని చివరి నిమిషందాకా కాపాడినవాళ్లూ అంతే గొప్పవాళ్లు.

మొదటి అడుగులోనే...

నిజానికి ఈ సున్నాల చరిత్ర అంతకు 28 ఏళ్ల ముందే మొదలైంది. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్. మన హాకీ జట్టుకు అదే తొలి ఒలింపిక్స్. ఆస్ట్రియా మీద 6-0, బెల్జియం మీద 9-0, డెన్మార్క్ మీద 5-0, స్విట్జర్లాండ్ మీద 6-0. ఫైనల్లో ఆతిథ్య నెదర్లాండ్స్ మీద వాళ్ల సొంత అభిమానుల ముందే 3-0. మొత్తం 29 గోల్స్ కొడితే అందులో 14 ధ్యాన్‌చంద్‌వే. ఆ పేరు తెలియని భారతీయుడు ఉండడు. ఆయన పుట్టినరోజునే మనం జాతీయ క్రీడాదినోత్సవం జరుపుకుంటున్నాం.

మరి, అయిదు మ్యాచ్‌ల్లోనూ ఒక్క గోలూ ఇవ్వని ఆ జట్టు గోల్‌కీపర్ ఎవరు? పేరు రిచర్డ్ అలెన్. క్రీడల మీద బాగా ఆసక్తి ఉన్నవాళ్లలో కూడా ఈ పేరు విన్నవాళ్లు తక్కువే. 1928, 1932, 1936... వరసగా మూడు ఒలింపిక్స్‌లో స్వర్ణాలు గెలిచిన జట్లలో ఉన్నాడాయన. ఆ మూడింటిలో కలిపి ఆయన ఇచ్చిన గోల్స్ రెండే రెండు!

అందులో ఒకదాని వెనక సరదా కథ ఒకటి చెబుతారు. 1932లో లాస్‌ఏంజెలిస్‌లో అమెరికాతో మ్యాచ్. మన ఫార్వర్డ్‌లు అవతలి గోల్ దగ్గరే కాపురం పెట్టేశారు. బంతి ఇటువైపు రావడమే లేదు. పనేం లేక గోల్‌పోస్టుల వెనక నిలబడ్డ అభిమానులకు ఆటోగ్రాఫ్‌లు ఇస్తున్నాడట అలెన్. సరిగ్గా ఆ సమయంలోనే అమెరికా వాళ్లు గోల్ కొట్టేశారట. ఆ మ్యాచ్‌లో మనం గెలిచింది 24-1తో. కథలో నిజమెంతో గానీ గోల్‌కీపర్ జీవితం మాత్రం అచ్చంగా అదే. గంటసేపు ఖాళీగా నిలబడాలి. అయినా ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండకూడదు!

మూడు ఫైనళ్లు... ఒకే గోల్

మెల్‌బోర్న్ ఫైనల్లో పాకిస్థాన్‌కు అడ్డుగోడగా నిలబడిన గోల్‌కీపర్ శంకర్ లక్ష్మణ్. మధ్యప్రదేశ్‌లోని మౌ అనే కంటోన్మెంట్ పట్టణం ఆయన సొంతూరు. 1947లో సైన్యంలో చేరింది ఆటగాడిగా కాదు, బ్యాండు మేళంలో. మరాఠా లైట్ ఇన్‌ఫాంట్రీలో ఉంటూ హాకీ నేర్చుకుని, దేశానికి ఆడేస్థాయికి ఎదిగాడు.

ఆ రోజుల్లో గోల్‌కీపర్ అంటే ఏమిటో ఊహించుకోవాలంటే ఇప్పటి గోల్‌కీపర్‌ని ఒకసారి చూడాలి. తలకు హెల్మెట్, గొంతుకు పట్టీ, ఛాతీకి కవచం, చేతులకు దళసరి గ్లవుజులు, కాళ్లకు వెడల్పాటి ప్యాడ్లు, పాదాలకు కిక్కర్లు... చూడటానికి యుద్ధానికి వెళ్తున్న సైనికుడిలా ఉంటాడు. లక్ష్మణ్ కాలంలో కాళ్లకు ప్యాడ్లే ప్రధాన రక్షణ. ముఖానికి అడ్డేమీ లేదు. హాకీ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు. అంటే ఇంచుమించు క్రికెట్ బంతంత బరువు, అంతే గట్టిదనం. అలాంటి బంతి కొన్ని గజాల దూరం నుంచి దూసుకొస్తుంటే పక్కకి తప్పుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. దానికి ఎదురెళ్లడమే గోల్‌కీపర్ పని.

1956, 1960, 1964. వరసగా మూడు ఒలింపిక్ ఫైనళ్లలో భారత గోల్ ముందు నిలబడ్డాడు లక్ష్మణ్. మూడింటిలోనూ ప్రత్యర్థి పాకిస్థానే. ఆ మూడు ఫైనళ్లలో కలిపి పాక్ కొట్టిన గోల్స్... ఒకటంటే ఒకటి!

కానీ ఆ ఒక్కటీ ఎంత ఖరీదైందో. 1960 రోమ్ ఫైనల్ తొలి అర్ధభాగంలో పాక్ ఆటగాడు నసీర్ బుందా కొట్టిన గోల్ అది. ఆ తర్వాత మనవాళ్లు ఎంత పోరాడినా స్కోరు సమం కాలేదు. 1928 నుంచి వరసగా ఆరు స్వర్ణాలు గెలుచుకుంటూ వచ్చిన భారత్, ఒలింపిక్ హాకీలో తొలిసారి ఓటమి రుచి చూసింది. మిగిలిన మ్యాచ్ అంతా గోల్‌కీపర్ ఎన్ని బంతులు ఆపాడన్నది ఎవరికీ పట్టలేదు. ఆ ఒక్కటే అందరి నోళ్లలోనూ నానింది. ఫార్వర్డ్ పది అవకాశాలు పోగొట్టుకుని పదకొండోది గోల్ కొడితే హీరో. గోల్‌కీపర్ పది ఆపి పదకొండోది వదిలేస్తే..?

నాలుగేళ్ల తర్వాత టోక్యోలో లెక్క సరిచేసే అవకాశం వచ్చింది. మళ్లీ ఫైనల్, మళ్లీ పాకిస్థాన్. పృథీపాల్‌సింగ్ పెనాల్టీ కార్నర్‌ని బలంగా కొడితే గోల్ గీత దగ్గర పాక్ డిఫెండర్ కాలికి తగిలి ఆగింది. దాంతో దొరికిన పెనాల్టీ స్ట్రోక్‌ని మొహీందర్‌లాల్ గోల్ చేశాడు. ఇక అక్కణ్నుంచీ పాక్ దాడుల మీద దాడులు చేసింది. లక్ష్మణ్ లొంగలేదు. 1-0తో స్వర్ణం మళ్లీ మనదైంది. రెండేళ్ల తర్వాత 1966 ఆసియా క్రీడల్లో ఆయన సారథ్యంలోనే భారత్ స్వర్ణం గెలిచింది. గోల్‌కీపర్‌ని కెప్టెన్‌ని చేయడమన్నది అప్పట్లో హాకీ ప్రపంచానికే కొత్త.

హైదరాబాదీ మాస్టారి జట్టు

హాకీలోనే కాదు, ఫుట్‌బాల్‌లోనూ మనకు అలాంటి రోజులున్నాయి. పైగా ఆ కథకు కేంద్రం మన హైదరాబాద్!

1951లో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ఫుట్‌బాల్‌లో భారత్ ఆడింది మూడు మ్యాచ్‌లు. ఇండోనేసియా మీద 3-0, అఫ్గానిస్థాన్ మీద 3-0, ఫైనల్లో ఇరాన్ మీద 1-0. ఫైనల్లో గోల్ కొట్టింది సాహూ మేవాలాల్. జట్టు కెప్టెన్ శైలేన్ మన్నా. ఆయనది గోల్స్ కొట్టే పని కాదు, ఆపే పని. బెంగాల్ గర్వించే డిఫెండర్. ఇక ఆ జట్టుకు కోచ్ మన హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ‘రహీం సాబ్’గా ఫుట్‌బాల్ లోకమంతా గౌరవించిన మనిషి. వృత్తిరీత్యా టీచరు. ఆయన తర్ఫీదులో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 2024లో వచ్చిన హిందీ సినిమా ‘మైదాన్’కు ప్రేరణ ఆయన జీవితమే.

ఒక్క గోలూ ఇవ్వకుండా ఆసియా స్వర్ణం గెలవడమంటే మాటలు కాదు. ఆ తర్వాత 1962లో జకార్తాలో రహీం సాబ్ జట్టు మళ్లీ స్వర్ణం సాధించింది. ఆ ఫైనల్లో దక్షిణ కొరియా ఒక గోల్ కొట్టింది గానీ 2-1తో నెగ్గింది మనమే. ఆ రోజు గోల్‌పోస్టుల మధ్య నిలబడ్డ పీటర్ తంగరాజ్ పుట్టింది కూడా హైదరాబాద్‌లోనే. భారత ఫుట్‌బాల్ చూసిన గొప్ప గోల్‌కీపర్ల జాబితా ఎవరు రాసినా మొదటి వరసలో ఆయన పేరుంటుంది.

ఆ పక్కనే మరో మాట చెప్పుకోవాలి. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెటూరి నుంచి వచ్చిన ఎతిమరపు రజని భారత మహిళల హాకీ జట్టుకు గోల్‌కీపర్‌గా ఎదిగింది. 2024లో మస్కట్‌లో జరిగిన ‘హాకీ 5ఎస్’ ప్రపంచకప్‌లో భారత జట్టుకు సారథ్యం వహించింది కూడా. తెలుగునాట హాకీ మైదానాలే అరుదు. అక్కడి నుంచి వచ్చి, అందులోనూ ఎవరూ కోరుకోని స్థానంలో నిలబడి పైకొచ్చిందామె.

అవును, ఎవరూ కోరుకోని స్థానమే! ఏ వీధిలోనైనా పిల్లలు ఆడుకునేటప్పుడు చూడండి. గోల్‌లో ఎవర్ని నిలబెడతారు? చిన్నవాణ్నో, సరిగా పరిగెత్తలేనివాణ్నో, బంతి తన్నడం రానివాణ్నో. ‘ఒరేయ్, నువ్వు గోల్‌లో నిలబడరా’ అంటే అదో శిక్ష. నిజానికి అక్కడ నిలబడాల్సింది జట్టులో అందరికన్నా ధైర్యవంతుడు.

సున్నా వెనక లెక్క

గోల్ ఆపడం అంటే ఎగిరి దూకడమేననుకుంటాం. టీవీలో పదేపదే చూపించేది అదే కాబట్టి. కానీ అసలు నైపుణ్యం ఆ దూకాల్సిన అవసరం రాకుండా చూసుకోవడంలో ఉంటుంది.

ఫుట్‌బాల్ గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. హాకీ గోల్ వెడల్పు 3.66 మీటర్లు, ఎత్తు 2.14 మీటర్లు. మనిషి ఎంత చేతులు చాపినా అంత జాగాని మూసేయలేడు. అందుకే గోల్‌కీపర్ ముందుకొస్తాడు. గదిలో దీపం వెలుగుతోందనుకోండి. గుమ్మంలో ఎవరైనా నిలబడితే పక్కల నుంచి వెలుగు బయటికి వస్తూనే ఉంటుంది. అదే మనిషి దీపం దగ్గరికి వచ్చి నిలబడితే గుమ్మమంతా నీడే. బంతిని దీపం అనుకుంటే, గోల్‌కీపర్ దానివైపు నడిచినకొద్దీ అవతలివాడికి గోల్ చిన్నదైపోతుంది. మరీ ముందుకొస్తే మళ్లీ చిక్కే. బంతి తలమీదుగా వెళ్లిపోతుంది. ఎక్కడ ఆగాలో తెలియడమే విద్య.

ఇక పెనాల్టీ కిక్ సంగతి వేరు. ఫుట్‌బాల్‌లో పెనాల్టీ కొట్టేది 11 మీటర్ల దూరం నుంచి. బంతి అర సెకనులోపే గోల్ చేరుతుంది. అది ఎటొస్తుందో చూసి దూకేంత వ్యవధి ఉండదు. అందుకే గోల్‌కీపర్లు ముందే ఏదో ఒకవైపు దూకేస్తారు. 2007లో ఇజ్రాయెల్ పరిశోధకులు కొందరు పెద్దస్థాయి మ్యాచ్‌ల్లోని 286 పెనాల్టీ కిక్‌లను పరిశీలించారు. గోల్‌కీపర్లు మధ్యలోనే కదలకుండా నిలబడింది నూటికి ఆరుసార్లే. కానీ అలా నిలబడ్డప్పుడు మూడింట ఒక బంతిని ఆపగలిగారు. పక్కకి దూకినప్పుడు ఏడింట ఒకటి ఆపడమే గగనమైంది. మరి నిలబడొచ్చు కదా? నిలబడి గోల్ ఇస్తే ‘కనీసం ప్రయత్నించలేదు’ అంటారు. దూకి గోల్ ఇస్తే ‘పాపం, ప్రయత్నించాడు’ అంటారు. ఏదో ఒకటి చేసినట్టు కనిపించాలన్న ఆరాటమే దూకిస్తుందని తేల్చారు పరిశోధకులు. ఇది ఒక్క గోల్‌కీపర్లకే కాదు, మనలో చాలామందికి వర్తించే సంగతే!

హాకీలో పెనాల్టీ కార్నర్ ఇంకా కష్టం. గోల్‌కీపర్ కాక మరో నలుగురికి మాత్రమే గోల్ గీత వెనక నిలబడే అవకాశం. బంతి అటునుంచి కదలగానే ఒకడు బాణంలా ముందుకు పరిగెత్తాలి. వాణ్ని ‘ఫస్ట్ రషర్’ అంటారు. డ్రాగ్‌ఫ్లిక్ కొట్టేవాడి స్టిక్కుకి ఎదురుగా వెళ్లి, గంటకు వంద కిలోమీటర్లకు పైగా వేగంతో వచ్చే బంతికి తన ఒంటినే అడ్డుపెట్టాలి. ముఖానికో మాస్క్, మోకాళ్లకు ప్యాడ్లు... అంతే రక్షణ. ఇటీవలి కాలంలో మన జట్టులో ఆ పని చేసింది ఒడిశాకు చెందిన అమిత్ రోహిదాస్. స్కోరు కార్డులో ఆ పరుగుకు చోటుండదు. గోల్‌కీపర్‌దీ, డిఫెండర్‌దీ, రషర్‌దీ... అందరి కష్టమూ కలిస్తేనే అవతలివైపు ఒక సున్నా.

గడియ బిగిస్తే...

సున్నాని ఒక సిద్ధాంతంగా మార్చింది ఇటలీ. అక్కడి ఆటతీరుకు ‘కెటనాచో’ అని పేరు. అంటే తలుపుకు వేసే గడియ. డిఫెండర్ల వరస వెనక మరో డిఫెండర్‌ని స్వేచ్ఛగా వదిలేస్తారు. ముందువాళ్లను తప్పించుకుని ఎవడొచ్చినా వాడు ఊడ్చిపారేస్తాడు. హెలెనియో హెరేరా శిక్షణలోని ఇంటర్ మిలాన్ ఈ పద్ధతితోనే 1964, 1965ల్లో యూరోపియన్ కప్ గెలిచింది.

1990 ప్రపంచకప్ ఇటలీలోనే జరిగింది. వాళ్ల గోల్‌కీపర్ వాల్టర్ జెంగా 517 నిమిషాలపాటు ఒక్క గోలూ ఇవ్వలేదు. ఒకే ప్రపంచకప్‌లో అన్ని నిమిషాలు గోల్ ఇవ్వకుండా నిలబడటం రికార్డు. సెమీఫైనల్లో అర్జెంటీనా ఆటగాడు కనీజియా తలతో కొట్టిన బంతి ఆ గడియను విరగ్గొట్టింది. చివరికి పెనాల్టీ షూటౌట్‌లో ఇటలీ ఓడిపోయింది. ఆరో మ్యాచ్‌లో ఇచ్చిన ఒకే ఒక్క గోల్ కప్పుని దూరం చేసింది.

ఆ ప్రపంచకప్ మరో పాఠం కూడా నేర్పింది. మ్యాచ్‌కి సగటున 2.21 గోల్సే వచ్చాయి. ప్రపంచకప్ చరిత్రలోనే అది అతి తక్కువ. ఒక్క గోల్ కొట్టి, ఆపైన బంతిని వెనక్కి వెనక్కి గోల్‌కీపర్‌కి అందిస్తూ, అతను చేత్తో పట్టుకుంటూ... కాలక్షేపం చేసే జట్లను చూసి జనానికి విసుగొచ్చింది. దాంతో 1992లో నిబంధనలే మారిపోయాయి. సొంత ఆటగాడు కావాలని కాలితో అందించిన బంతిని గోల్‌కీపర్ చేత్తో ముట్టుకోకూడదన్నారు. 1994 ప్రపంచకప్ నుంచి గెలుపుకు రెండు బదులు మూడు పాయింట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. సున్నా మరీ తేలిగ్గా దొరికితే ఆట చచ్చిపోతుందని అర్థమైందన్నమాట.

గోల్ ఇవ్వకపోతే చాలు, గెలిచేస్తామా అంటే అదీ లేదు. 2006 ప్రపంచకప్‌లో స్విట్జర్లాండ్ నాలుగు మ్యాచ్‌లు ఆడింది. ఫ్రాన్స్‌తో 0-0, టోగోమీద 2-0, దక్షిణ కొరియామీద 2-0, ప్రిక్వార్టర్స్‌లో ఉక్రెయిన్‌తో అదనపు సమయం తర్వాత కూడా 0-0. అంటే 390 నిమిషాల ఆటలో ఒక్క గోలూ ఇవ్వలేదు. అయినా ఇంటికెళ్లిపోయింది! షూటౌట్‌లో వాళ్లు కొట్టిన మూడు పెనాల్టీల్లో ఒక్కటీ గోల్ కాలేదు మరి. ఒక్క గోలూ ఇవ్వకుండా ప్రపంచకప్ నుంచి నిష్క్రమించిన జట్టుగా రికార్డులకెక్కింది.

దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ 2010లో స్పెయిన్. విచిత్రంగా తొలి మ్యాచ్‌లోనే అదే స్విట్జర్లాండ్ చేతిలో 0-1తో ఓడింది. కానీ నాకౌట్ దశలో పోర్చుగల్, పరాగ్వే, జర్మనీ, నెదర్లాండ్స్... నలుగురి మీదా 1-0తోనే గెలిచి కప్పు ఎత్తుకెళ్లింది. ఏడు మ్యాచ్‌ల్లో వాళ్లు కొట్టింది ఎనిమిది గోల్సే. ఫైనల్లో 116వ నిమిషంలో ఇనియెస్టా కొట్టిన గోల్ అందరికీ గుర్తే. అంతకుముందే నెదర్లాండ్స్ స్టార్ రాబెన్ ఒంటరిగా దూసుకొచ్చి కొట్టిన బంతిని గోల్‌కీపర్ కసియస్ కాలితో ఆపకపోయి ఉంటే? ఇనియెస్టా గోల్ కొట్టాల్సిన సందర్భమే వచ్చేది కాదేమో.

పరుగే ఇవ్వని బౌలర్

క్రికెట్‌లో ఎదుటి జట్టుకు మొత్తం మ్యాచ్‌లో సున్నా చూపించడం కుదరదు. కానీ ఒక ఓవర్‌లో చూపించొచ్చు. అదే మెయిడెన్. అలాంటివి వరసగా ఎన్ని వేయొచ్చు? మూడా, నాలుగా?

1964 జనవరిలో మద్రాసు టెస్టు. ఇంగ్లాండ్ తొలి ఇన్నింగ్స్. ఎడమచేతి వాటం స్పిన్నర్ బాపూ నాదకర్ణి బంతి అందుకున్నాడు. క్రీజులో బోలస్, బారింగ్టన్. ఓవర్ తర్వాత ఓవర్... పరుగు లేదు. వరసగా 21 మెయిడెన్లు! మధ్యలో 131 బంతులపాటు ఒక్క పరుగూ రాలేదు. ఆ ఇన్నింగ్స్‌లో ఆయన గణాంకాలు చూస్తే అచ్చుతప్పేమో అనిపిస్తుంది. 32 ఓవర్లు, 27 మెయిడెన్లు, 5 పరుగులు, 0 వికెట్లు.

నెట్స్‌లో పిచ్ మీద ఒక నాణెం పెట్టి, పదే పదే దానిమీదే బంతి పడేలా సాధన చేసేవాడట. ఆ సాధన ఫలితమే అది. ఆ మ్యాచ్ డ్రా అయింది. వికెట్ రాలేదు కాబట్టి ఆ శ్రమంతా వృథా అన్నవాళ్లూ ఉన్నారు. కానీ బ్యాట్స్‌మన్‌ని ఒకచోట కట్టిపడేస్తే రెండోవైపు బౌలర్ మీద విరుచుకుపడాలన్న తొందర పుడుతుంది. వికెట్ పడేది అక్కడే. అది పడగొట్టినవాడి ఖాతాలోకి వెళ్తుంది. తొందర పుట్టించినవాడి ఖాతాలోకి వెళ్లేది మెయిడెన్ మాత్రమే.

ట్వంటీ20ల కాలంలో మెయిడెనే అరుదు. అలాంటిది సూపర్ ఓవర్‌లో మెయిడెనా? 2014 కరీబియన్ ప్రీమియర్ లీగ్‌లో సునీల్ నరైన్ అదీ చేసి చూపించాడు. ప్రత్యర్థి గెలవాలంటే ఆరు బంతుల్లో 12 పరుగులు కావాలి. నరైన్ ఇచ్చింది సున్నా. పైగా ఓ వికెట్ కూడా!

సున్నాకి ఎన్ని పేర్లో!

* హాకీ, ఫుట్‌బాల్‌లలో గోల్ ఇవ్వకపోతే ‘క్లీన్‌షీట్’. విలేకరులు ఒకప్పుడు ఎదుటి జట్టు గోల్స్ రాసుకునే కాగితం మీద మరక పడకుండా తెల్లగా ఉండిపోయిందన్న అర్థంలో వచ్చిందంటారు.

* టెన్నిస్‌లో సున్నాని ‘లవ్’ అంటారు. 1988 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో స్టెఫీగ్రాఫ్, నటాషా జ్వెరెవాని 6-0, 6-0తో ఓడించింది. గట్టిగా అరగంట పట్టిందంతే. అప్పటికి జ్వెరెవాకు 17 ఏళ్లు.

* అమెరికన్ల బేస్‌బాల్‌లో ‘షటౌట్’. అంతకన్నా గొప్పది ‘పర్‌ఫెక్ట్ గేమ్’. వరసగా వచ్చిన 27 మంది బ్యాటర్లలో ఒక్కరినీ తొలి మజిలీకి కూడా చేరనివ్వకపోవడం. మన హాకీ జట్టు మెల్‌బోర్న్‌లో గెలిచిన 1956లోనే డాన్ లార్సెన్ ఆ ఘనత సాధించాడు. వరల్డ్ సిరీస్‌లో అలాంటి మ్యాచ్ ఇప్పటికీ అదొక్కటే.

ఎవరు గుర్తుంటారు?

ప్రపంచ ఫుట్‌బాల్‌లో అత్యంత ప్రతిష్ఠాత్మకమైన వ్యక్తిగత పురస్కారం ‘బాలన్ డి ఓర్’. 1956 నుంచి ఇస్తున్నారు. ఇన్నేళ్లలో పురుషుల విభాగంలో అది ఒక గోల్‌కీపర్‌కి దక్కింది ఒకే ఒక్కసారి, 1963లో. సోవియట్ యూనియన్‌కు చెందిన లెవ్ యాషిన్‌కు. మెల్‌బోర్న్‌లో మన హాకీ జట్టు స్వర్ణం గెలిచిన ఆ ఒలింపిక్స్‌లోనే ఫుట్‌బాల్ ఫైనల్లో యుగోస్లావియాకు ఒక్క గోలూ ఇవ్వకుండా తన జట్టుకు 1-0తో స్వర్ణం అందించాడు యాషిన్. ఆయన పేరు ప్రపంచమంతటికీ తెలుసు. అదే ఊళ్లో, అదే ఏడాది, అదే 1-0తో స్వర్ణం కాపాడిన శంకర్ లక్ష్మణ్ పేరు మాత్రం మనకే తెలియదు.

1968 మెక్సికో ఒలింపిక్స్ జట్టులో లక్ష్మణ్‌కు చోటు దక్కలేదు. దాంతో హాకీకి దూరమయ్యాడు. అర్జున, పద్మశ్రీ వచ్చాయి. సైన్యం నుంచి గౌరవ కెప్టెన్ హోదాలో రిటైరయ్యాడు. ఆ తర్వాత సొంతూరు మౌలోనే ఉండిపోయాడు. చివరిరోజుల్లో కాలికి గ్యాంగ్రీన్ సోకింది. ఆర్థిక ఇబ్బందుల మధ్యే 2006 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. రెండు ఒలింపిక్ స్వర్ణాలు, ఒక రజతం గెలిచిన మనిషి అనారోగ్యం పాలయ్యాడన్న సంగతి దేశంలో చాలామందికి ఆయన పోయాకే తెలిసింది.

ఆయన పోయిన ఏడాదే, 2006లో, భారత సీనియర్ హాకీ జట్టులో అడుగుపెట్టాడు కేరళ కుర్రాడొకడు. పేరు పి.ఆర్. శ్రీజేష్. గోల్‌కీపర్ కిట్ ఖరీదైంది. దాన్ని కొనడానికి తండ్రి ఇంట్లోని ఆవుని అమ్మేశాడని చెబుతారు. 2021లో టోక్యో ఒలింపిక్స్ కాంస్య పోరులో జర్మనీమీద భారత్ 5-4తో ముందుంది. ఏడు సెకన్లయినా లేవు, జర్మనీకి పెనాల్టీ కార్నర్. యావద్దేశం ఊపిరి బిగబట్టింది. శ్రీజేష్ ఆపాడు. 41 ఏళ్ల తర్వాత హాకీలో మనకు పతకం వచ్చింది. మ్యాచ్ అయ్యాక ఆయన గోల్‌పోస్టు పైకెక్కి కూర్చున్న ఫొటో గుర్తుందిగా? ఎప్పుడూ గోల్ కొట్టినవాళ్ల ఫొటోలే పడే మొదటిపేజీల్లో ఆ రోజు ఆపినవాడి ఫొటో వచ్చింది.

2024 పారిస్‌లో బ్రిటన్‌తో క్వార్టర్‌ఫైనల్. రెండో క్వార్టర్ ఆరంభంలోనే రోహిదాస్ రెడ్‌కార్డుతో బయటికెళ్లాడు. అంటే పెనాల్టీ కార్నర్లకు ఎదురెళ్లే రషరే లేడు. మిగిలిన పదిమందితోనే 40 నిమిషాలకు పైగా ఆడి 1-1తో నిలబడింది భారత్. షూటౌట్‌లో శ్రీజేష్ అండతో 4-2తో గెలిచింది. ఆ తర్వాత స్పెయిన్‌ని 2-1తో ఓడించి మళ్లీ కాంస్యం తెచ్చుకుంది. అదే శ్రీజేష్‌కు చివరి మ్యాచ్.

అప్పుడు హాకీ ఇండియా ఒక నిర్ణయం తీసుకుంది. శ్రీజేష్ వేసుకున్న 16వ నంబరు జెర్సీని సీనియర్ జట్టులో ఇంకెవరికీ ఇవ్వకూడదని. గోల్స్ కొట్టినవాళ్ల దేశంలో ఒక గోల్‌కీపర్‌కి దక్కిన గౌరవం అది. రిచర్డ్ అలెన్ ఆమ్‌స్టర్‌డామ్‌లో గోల్ ముందు నిలబడ్డాక ఇందుకు పట్టిన కాలం... 96 ఏళ్లు!